ముట్టింది

పాత రసీదుల్లో, ప్రామిసరీ నోట్లలో, కూలి చిట్టాల్లో ఒక మాట తప్పకుండా ఉండేది: ముట్టింది. "పైకం యావత్తూ ముట్టినది" అని రాసి, కింద సంతకమో వేలిముద్రో పడితే ఆ పద్దు తీరినట్టు. ముట్టడం అంటే తాకడమే కదా. చేసిన పనికి ప్రతిఫలం చేతికి తగిలితేనే అందినట్టు అన్న లెక్క ఆ మాటలోనే ఉంది. ఇప్పుడు "జీతం పడింది" అంటున్నాం. ఎక్కడో పడుతుంది, ఇక్కడ ఫోను మోగుతుంది. ముట్టడానికి ముందు పెద్ద తతంగం నడిచేది. కొలిచేవాళ్ళు, రాసేవాళ్ళు, పక్కన నిలబడి చూసేవాళ్ళు ఉండేవారు. అది తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. ఎలా నడిచేదో, ఎక్కడ తేడా వచ్చేదో వివరంగా రాసిపెడితే మంచిదనిపించి ఇదంతా.

ముందు గింజల కూలి గురించి.

రూపాయల కూలి మామూలైపోక ముందు, కృష్ణా గోదావరి కాలవల కిందైనా, తెలంగాణ చెరువుల కింది మాగాణుల్లోనైనా వ్యవసాయపు కూలి చాలావరకు ధాన్యంగానే ముట్టేది. 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం, 4 కుంచాలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. 5 తూములైతే ఏదుము, 10 తూములైతే పందుము. పేర్లు అవే అయినా పాత్రలు మాత్రం ఊరికో పరిమాణంలో ఉండేవి. అందుకే పనికి ఒప్పుకునేటప్పుడు "ఎన్ని కుంచాలు" అని అడిగి ఊరుకునేవారు కాదు, "ఎవరి కుంచంతో" అని కూడా అడిగేవారు. ఆ రెండో ప్రశ్న అడగడం తెలిసినవాడే అనుభవమున్న కూలీ.

పాత్ర ఒకటే అయినా కొలిచే చెయ్యి మారితే గింజలు మారతాయి. గబగబా పోస్తే గింజల మధ్య సందులు ఉండిపోయి పాత్ర త్వరగా నిండుతుంది. పోస్తూ పాత్రను రెండుసార్లు కుదిపితే అదే పాత్రలో ఇంకొన్ని పడతాయి. పైన అరచేత్తో చదునుగా కొట్టేస్తే ఒక లెక్క, గోపురంలా నిలిచేదాకా పోస్తే ఇంకో లెక్క. ఈ గోపురం విషయంలో చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. రెండు పాత్రల్లో అంచు వరకు పట్టే గింజలు సమానమే అయినా, మూతి వెడల్పుగా ఉన్న పాత్ర మీద గోపురం పెద్దదిగా నిలుస్తుంది. నిండుగా కొలిచి ఇచ్చే ఊరిలో వెడల్పు మూతి కుంచం కూలీకి మేలు. మూతి ఇరుకైన కుంచం తెచ్చారంటే ఆ ఏడు ఇచ్చేవారి చెయ్యి బిగిసిందని అర్థం. కొలిచేవాడు మూతి చుట్టూ చేతిని వలయంలా పెట్టి పోస్తే ఇంకో దోసెడు అదనంగా నిలుస్తుంది. కూలి కొలిచేటప్పుడు అలా చెయ్యి అడ్డం పెట్టేవారా, తమకు రావలసిన బాకీ కొలుచుకునేటప్పుడు మాత్రమే పెట్టేవారా అన్నదాన్ని బట్టే ఆ ఇంటికి ఊళ్ళో పేరు వచ్చేది.

లెక్క పెట్టే పద్ధతి చెవిలో ఉండిపోయేలా ఉండేది. మొదటి కుంచానికి "ఒకటి" అనరు, "లాభం" అంటారు. తర్వాత రెండు, మూడు... ఆరు దాటాక కొన్ని చోట్ల "ఏడు" అనకుండా "ఆరునొక్కటి" అనేవారు, ఏడుపు మాట పంట నూర్చే కళ్ళంలో వినపడకూడదని. కుంచం నింపుతున్నంతసేపూ "రెండే రెండు, రెండే రెండు" అని అదే అంకెను పాటలాగా తిప్పితిప్పి పలకడంలో గొప్ప ఉపయోగం ఉంది. మధ్యలో ఎవరైనా పలకరించినా లెక్క తప్పదు. దానికన్నా ముఖ్యం, చుట్టూ ఉన్న పదిమందికీ ఎన్నో కుంచం నడుస్తోందో వినపడుతూనే ఉంటుంది. తూము నిండగానే పిడికెడు గింజలు పక్కన కుప్పగా పెట్టేవారు. చివరికి ఆ చిన్న కుప్పలు లెక్కపెడితే తూములు తేలతాయి. చదువు రానివారు కూడా సరిచూసుకోగలిగిన లెక్క అది. నా మట్టుకు నాకు కూలి గౌరవం అంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. ఎంత వచ్చిందన్నది తర్వాతి సంగతి. తీసుకునేవాడికి అర్థమయ్యే లెక్కలో, వాడి కళ్ళెదుట కొలిచారా అన్నది ముందు.

గింజలో కూడా తేడా ఉండేది. తూర్పారపట్టినప్పుడు బరువైన గింజ దగ్గరగా పడుతుంది, తాలు గాలికి దూరంగా పోతుంది. రాశి నడుమ నుంచి కొలిస్తే గట్టి గింజ. గాలివాలు అంచు నుంచి కొలిస్తే కుంచం నిండుగానే కనబడుతుంది కానీ చేటలో వేసి చెరిగితే సగం ఎగిరిపోతుంది. నూర్చిన రోజే ఇచ్చే గింజ పచ్చిగా ఉంటుంది, ఎండితే తరుగు. పైగా వడ్లు దంచితే రెండు కుంచాలకు సుమారు ఒక కుంచం బియ్యం. అంటే కూలీ ఇంటికి తీసుకెళ్ళింది చూపులో ఉన్నంత కాదు. ఇల్లు నడిపే ఆడవాళ్ళు ఈ తరుగులన్నీ మనసులోనే తీసేసి ఎన్ని పూటల తిండో చెప్పేవారు.

వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, బట్టలుతికేవారు, క్షురకులు, వీళ్ళకు రోజు కూలి కాదు, కళ్ళం దగ్గర పంటలో వాటా, అదే మేర. నాగలికి ఇన్ని కుంచాలని మాట. ఏడాది పొడుగునా కర్రు సాగదీసినా, నాగలి చెక్కినా అప్పటికప్పుడు ఏమీ ముట్టదు. పంట పండినప్పుడు ఒకేసారి. ఈ పద్ధతిని ఇప్పుడు చాలామంది తీపిగా తలుచుకుంటారు, ఊరంతా ఒక కుటుంబంలా ఉండేదని. తీపి ఉన్నమాట నిజమే, కరువులో కూడా పూర్తిగా వదిలేయరన్న భరోసా ఉండేది. కానీ చేసిన పనికి లెక్క లేకపోవడం ఎప్పుడూ ఒకవైపే మొగ్గేది. పంట పోతే మేర తగ్గేది, పని మాత్రం తగ్గేది కాదు. చేయనని చెప్పే వీలుండేది కాదు. అంతకన్నా కింద పాలేరు, జీతగాడు. ఉగాదికో ఏరువాకకో ఏడాది జీతం మాట్లాడుకుని ముందుగానే కొంత తీసుకుంటారు. పెళ్ళికో జబ్బుకో ఇంకొంత. మధ్యలో తెచ్చుకున్న తిండిగింజలు నాగు కింద రాస్తారు. కుంచం తెస్తే పంటకు కుంచంన్నర ఇవ్వాలి. లెక్క రాసేది ఇచ్చినవాడు, చదివేది కూడా అతనే. ఏడాది చివర "ఇంకా ఇంత బాకీ" అంటే మళ్ళీ ఏడాది. బాకీ కొడుక్కి దిగేది. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ బాకీలన్నిటినీ ఒక్క దెబ్బతో రద్దు చేసింది. కూలి ముట్టడం అంటే ఏమిటో అర్థం కావాలంటే, ఎన్నాళ్ళు చేసినా ముట్టని పని ఎలా ఉండేదో కూడా గుర్తుపెట్టుకోవాలి.

మట్టిపనికి వస్తే కొలత ఇంకో రకం. చెరువు పూడిక, కాలవ తవ్వకం, రోడ్డు గట్టు, వీటిలో కూలి రోజుకు కాక తవ్విన మట్టికి. పాత లెక్క నూరు ఘనపుటడుగులు. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, అడుగు లోతు. తర్వాత ఘనపు మీటర్లు వచ్చాయి. నూరు ఘనపుటడుగులంటే 2.83 ఘనపు మీటర్లు. పొడవు, వెడల్పు టేపు పెట్టి ఎవరైనా చూడొచ్చు. చిక్కంతా లోతుతోనే. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, తవ్వేశాక మొదటి మట్టం ఎక్కడుందో ఎవరికి గుర్తు? అందుకే గుంతలో అక్కడక్కడా మట్టి దిమ్మలు తవ్వకుండా వదిలేవారు. దిమ్మ తల మీద పాత నేల, కింద కొత్త అడుగు. మూడు దిమ్మల దగ్గర లోతు 12, 14, 10 అంగుళాలు వస్తే మొత్తం 36, మూడుతో భాగిస్తే అడుగు. కొలత పుస్తకంలో అదే లోతు.

దిమ్మ మీద చాటుగా రెండు తట్టల మట్టి పోసి, తడిపి, చరిచితే లోతు పెరిగినట్టు కనబడుతుంది. అనుభవమున్న వర్క్ ఇన్‌స్పెక్టరు ముందు దిమ్మ తలను చూస్తాడు. పాత గడ్డి, దాని వేళ్ళు ఉంటే అసలు నేల. గడ్డి లేకుండా నున్నగా ఉంటే, లేదా గునపంతో పొడిస్తే పైపొర పెచ్చులా ఊడితే పోసిన మట్టి. అటు కూలీలను ముంచే దారి కూడా ఉంది. మట్టి తవ్విన గుంతను కాకుండా పోసిన గట్టును కొలవడం. తవ్విన మట్టి గుల్లబారి ఉబ్బుతుంది, వానకు తడిసి కూర్చుంటుంది. ఆ దిగుడు ఎంతుంటుందో ముందే తరుగు పేరుతో తీసేస్తారు. ఎంత తీయాలన్నది మాట్లాడుకోకపోతే తగవు ఖాయం. అందుకే గుంపు పెద్దలు "గుంత కొలత అయితేనే దిగుతాం" అని మొదటిరోజే తేల్చుకునేవారు. మట్టిని మోసే దూరం, ఎత్తు పెరిగితే కూలి పెరగాలి. లీడు, లిఫ్టు అనే ఇంగ్లీషు మాటలు బడికి వెళ్ళనివారి నోట కూడా శుభ్రంగా పలికేవి. డబ్బు వాటి మీద ఆధారపడి ఉంది మరి. వాన పడిందంటే ఆ రాత్రే కొలతలు పోతాయి, దిమ్మలు కరుగుతాయి, గుంత అడుగున ఒండ్రు చేరుతుంది. మబ్బు పట్టగానే కొలవమని పోరు పెట్టేది అందుకే.

ఆ వచ్చిన మొత్తాన్ని గుంపులో పంచుకోవడం ఇంకో ఘట్టం. గునపం పట్టేవాడికీ, పార పట్టేవాడికీ, తట్ట మోసే ఆమెకూ వాటాలు ఎలా అన్నది గుంపులోనే తేలేది. ఆడకూలి, మగకూలి అని మస్టర్లలోనే, అంటే హాజరు పట్టీల్లోనే, రెండు రేట్లు ఉండే రోజులవి. ఒకే పనికి ఆడా మగా సమాన వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చినా చాలా చోట్ల తట్ట మోసే చేతికి తక్కువే ముట్టింది. రోజుకు ఎన్ని వందల తట్టలు ఆ మెడ మీదుగా పోయాయో లెక్క రాసిన పుస్తకం ఒక్కటీ లేదు.

నేతపని గురించి ఒక మాట చెప్పి వెళ్ళాలి. మగ్గానికి ముట్టే మజూరీ నేసిన బట్టకే. కానీ మగ్గమెక్కే ముందు నూలును సిద్ధం చేసే ఆసు పోయడం, కండెలు చుట్టడం ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు చేసేవారు. ముగ్గురి పని ఒక్కరి పేరు మీద చిట్టాలో పడేది. బీడీ పనిలోనూ కూలి వెయ్యికి ఇంత అని. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. ఆకు, తంబాకు తూకం వేసి ఇస్తారు. ఆకు చిల్లులు పడి, పెళుసుగా ఉంటే ఇచ్చిన ఆకుకు వెయ్యి రావు. తక్కువైన ఆకు కొనుక్కుని కలిపితే కూలి అంతకు అంత తగ్గుతుంది. తిరగగొట్టిన బీడీలను తీసేసి కూడా లెక్క కట్టేవారు. ఆకు మంచిదా చెడ్డదా అన్నది వేళ్ళతో తడిమి గుర్తుపట్టేవాళ్ళు కట్ట విప్పకుండానే పోట్లాడగలిగేవారు.

ఇక బట్వాడా. నగదు కూలి పంచే రోజుకు ఆ పేరు. చాలా చోట్ల వారానికోసారి, సంతకు ముందురోజో సంత రోజునో పెట్టేవారు, డబ్బు ముట్టగానే సరుకులు తెచ్చుకోవాలి కనుక. ఈ బట్వాడా గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. దాని వెనక ఉన్న పని ఎంతో నెమ్మదైన, నిజాయితీ గల పని.

దానికి పునాది మస్టరు. పేర్లు అడ్డంగా, తేదీలు నిలువుగా. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి పిలిచి గుర్తు వేయాలి. సాయంత్రం జ్ఞాపకం మీద నింపిన మస్టరులో తప్పు ఉండి తీరుతుంది, ముఖ్యంగా సగం పూట పనిచేసి వెళ్ళినవారి విషయంలో. రాని రోజు గడి ఖాళీగా వదలకూడదు, గీత కొట్టాలి. ఖాళీ గడి ఉంటే తర్వాత ఎవరైనా నింపగలరు. తప్పు పడితే రబ్బరుతో చెరపకూడదు. అడ్డంగా కొట్టేసి, పక్కన రాసి పొట్టి సంతకం పెట్టాలి. ఒకే పేరు గలవారు నలుగురుంటారు కాబట్టి తండ్రి పేరో భర్త పేరో తప్పనిసరి. దొంగ మస్టర్లు అని అందరూ అనే వ్యవహారం, అంటే లేని మనుషుల పేర్లు రాసి కూలి తీసుకోవడం, ఎక్కువగా బయటపడింది కాగితాల తనిఖీలో కాదు, బట్వాడా బల్ల దగ్గరే. పేరు గట్టిగా పిలిచినప్పుడు ఎవరూ కదలకపోతే పక్కనున్న నలభైమంది మొహాలు చెప్పేస్తాయి.

లెక్క కట్టడం సులువే. పనిచేసిన రోజులు, రేటు, అదనపు గంటలు. ఫ్యాక్టరీల్లో అయితే 1948 చట్టం ప్రకారం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాల్సి ఉండేది. అందులోంచి అడ్వాన్సు, పి.ఎఫ్., ఉంటే జరిమానా తీసేయాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం జరిమానాలు ఆ కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదంది, కోతలన్నీ కలిపి మామూలుగా సగం దాటకూడదంది. వెయ్యిమంది లోపు పనివాళ్ళున్న చోట నెల ముగిశాక 7వ రోజు లోపల, అంతకు మించితే 10వ రోజు లోపల ఇవ్వాలంది. ఈ అంకెలు కార్మిక సంఘాలవాళ్ళకు నోటికి వచ్చేవి.

చిక్కు చిల్లరలో ఉంటుంది. ముగ్గురికి 87 రూపాయల 50 పైసలు, 64 రూపాయల 25 పైసలు, 91 రూపాయల 75 పైసలు ఇవ్వాలనుకోండి. మొత్తం 243 రూపాయల 50 పైసలు. కొత్త గుమాస్తా ఆ మొత్తం చూసి బ్యాంకులో రెండు వందలు, రెండు ఇరవైలు, మూడు రూపాయలు, ఒక అర్ధరూపాయి తెచ్చేస్తాడు. డబ్బు సరిపోయింది, పంచడానికి మాత్రం కుదరదు. అందుకే మనిషి మనిషికీ విడివిడిగా విప్పాలి. మొదటివారికి 50, 20, 10, 5, 2, అర్ధరూపాయి. రెండోవారికి 50, 10, రెండు 2లు, పావలా. మూడోవారికి 50, రెండు 20లు, రూపాయి, అర్ధ, పావలా. ఇప్పుడు నిలువుగా కూడితే 50లు మూడు, 20లు మూడు, 10లు రెండు, 5 ఒకటి, 2లు మూడు, రూపాయి ఒకటి, అర్ధలు రెండు, పావలాలు రెండు. వీటి విలువ మళ్ళీ కూడితే 243.50 రావాలి. వస్తేనే బ్యాంకుకు బయలుదేరాలి. రెండు వందలమందికి ఈ పట్టిక వేయడానికి ఒక పూట పట్టేది. రాకపోతే తప్పు ఏ వరుసలో ఉందో వెతకడానికి ఇంకో పూట.

చిన్న నోట్లు ఎక్కువ ఉండేలా వేసేవాడు మంచి గుమాస్తా. అంతా పెద్ద నోట్లే ఇస్తే కూలీలు వాటిని మార్చుకోవడానికి దుకాణానికి వెళ్ళాలి. అక్కడ పాత అప్పు ఉంటుంది, నోటు అక్కడే ఆగిపోతుంది. ఇద్దరికి కలిపి ఒక నోటు ఇచ్చి "మీరిద్దరూ పంచుకోండి" అనడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. సంత దగ్గర వారిద్దరికీ అదే తగవు.

బ్యాంకు కౌంటరు దగ్గర వంద నోట్ల కట్టను పట్టీ విప్పకముందే లెక్కించాలి. విప్పాక తక్కువైందంటే ఒప్పుకోరు. పాత నోట్లను రెండు వైపుల నుంచి ఒక్కోసారి లెక్కపెట్టాలి. ఒకవైపే రెండుసార్లు లెక్కపెడితే మడతలో ఇరుక్కున్న నోటు రెండుసార్లూ తప్పిపోతుంది. కొత్త నోట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. వరుస నంబర్లయితే చివరి నంబరులోంచి మొదటిది తీసేసి ఒకటి కలిపితే వంద రావాలి. అయినా వేళ్ళతో విసనకర్రలా విప్పి చూడడం మానకూడదు. అప్పట్లో కట్టలకు పిన్నులు కొట్టేవారు. పిన్ను లాగేటప్పుడు చిరిగిన నోటు బట్వాడా బల్ల దగ్గర తగవు అయ్యేది. దుకాణదారు తీసుకోడని కూలీలకు తెలుసు.

కవర్లు వేసే చోట కవరు మీద పేరు, రోజులు, మొత్తం, కోత, చేతికి వచ్చేది రాసేవారు. కవరులో పెట్టిన మనిషి కాకుండా ఇంకొకరు లెక్కచూసి అంటించాలి. అన్ని కవర్లూ నింపాక బల్ల మీద ఒక్క పైసా మిగలకూడదు, ఒక్క పైసా తగ్గకూడదు. రూపాయి మిగిలితే సంతోషించేవాడు ఆ పనికి పనికిరాడు. ఆ రూపాయి ఎవరో ఒకరి కవరులో తక్కువైంది. అన్నీ విప్పి చూడాల్సిందే.

బల్ల దగ్గర ముగ్గురు. ఒకరు పేరు పిలిచి మొత్తం చదువుతారు, ఒకరు డబ్బు ఇస్తారు, ఒకరు సంతకం తీసుకుంటారు. మొత్తం గట్టిగా చదవడం ముఖ్యం, వెనకున్నవారికి వినపడాలి. పక్కవాడికి ఆరు రోజులు, తనకు అయిదున్నర అని తెలిసేది అక్కడే, నిలదీసేది అక్కడే. తీసుకున్నవారు బల్ల దగ్గరే లెక్కచూసుకోవాలి. ఒక్కొక్కరూ లెక్కచూసుకుంటుంటే వరుస కదలడం లేదని విసుక్కునే మేస్త్రీలు ఉండేవారు. విసుగు తప్పు. ఆ అర నిమిషం ఆ మనిషిది. వారమంతా చేసిన చాకిరీ తన చేతివేళ్ళ మధ్య లెక్కకు వచ్చే అర నిమిషం.

సంతకం రెవెన్యూ స్టాంపు మీద. ఒకప్పుడు అణా, తర్వాత 10 పైసలు, 20 పైసలు, చివరికి రూపాయి. సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడాలి. అప్పుడే స్టాంపు ఊడదీసి మళ్ళీ వాడే వీలుండదు. వేలిముద్ర అయితే ఎడమ బొటనవేలు. కొన్ని కార్యాలయాల్లో ఆడవారికి కుడి బొటనవేలు. వేలిని ముందు గుడ్డతో తుడవాలి, సిరా పలచగా అంటించాలి, కాగితం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా దొర్లించాలి. గట్టిగా నొక్కితే గీతలన్నీ కలిసి నల్లటి మచ్చే మిగులుతుంది. సున్నం, సిమెంటు పనివాళ్ళ వేళ్ళకు గీతలు అరిగిపోయి ఉంటాయి. ఎంత జాగ్రత్తగా తీసినా ముద్ర సరిగా పడదు. పని తీసుకున్నదే వేలిముద్రను కూడా తీసుకుంది. అలాంటప్పుడు పక్కన పేరు రాసి, ఆ మనిషిని ఎరిగిన ఇద్దరి సాక్షి సంతకాలు పెట్టించేవారు. సంతకం నేర్చుకున్న మొదటి వారం ఎంత ఆలస్యమైనా సరే పేరు తామే రాస్తామనేవారు. వంకరటింకర అక్షరాలు గడి దాటి పక్క గడిలోకి పోయేవి. అలా పోయిన రిజిస్టర్లను ఏ ఆడిటరూ తప్పుపట్టలేదు.

నాణేలు, నోట్లు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. రెండు రూపాయల నోట్ల అచ్చు 1990లలో ఆపారు. పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లలేదు. కూలి ఖాతాల్లోకి మారింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయ్యాక మట్టిపని కూలి పోస్టాఫీసుకూ, తర్వాత బ్యాంకుకూ చేరింది. మేస్త్రీ చేతివాటం చాలా తగ్గింది. ఇది చిన్న మేలు కాదు, ఆడవారి కూలి వారి పేరునే పడడం అంతకన్నా పెద్ద మేలు. పాత బట్వాడా మళ్ళీ రావాలని కోరుకోను. కానీ ఆలస్యానికి రోజుకు 0.05 శాతం పరిహారం అని రాసుకున్నారు. 3000 రూపాయల కూలి ఆగితే రోజుకు రూపాయిన్నర. ఖాతాలో పేరు ఒక అక్షరం తేడా ఉంటే డబ్బు వెనక్కి పోతుంది, ఎవరిని అడగాలో తెలియదు. బల్ల దగ్గర అయితే "ఆ పేరు ఈమెదే" అని పక్కావిడ చెప్పేది, గుమాస్తా అక్కడే దిద్దేవాడు.

బట్వాడా అయిపోయాక చివరి పని ఒకటుండేది. జ్వరంతోనో ఊరెళ్ళో రాలేకపోయినవారి కవర్లు మిగులుతాయి. వాటిని విప్పకూడదు, ఇంకొకరికి నోటిమాట మీద ఇవ్వకూడదు. రానివారి గడిలో ఎర్ర సిరాతో "ముట్టలేదు" అని రాసి, బాకీ కూలి రిజిస్టరులో పేరు, వారం, మొత్తం ఎక్కించి, కవర్లను ఇనప్పెట్టెలో పెట్టేవారు. బ్యాంకు నుంచి తెచ్చిన మొత్తంలోంచి పంచినది తీసేస్తే, పెట్టెలో ఉన్నదానికి సరిపోవాలి. మరుసటి వారం బల్ల వేయగానే మొదట పిలిచేది ఆ పేర్లనే. వచ్చి తీసుకుంటే ఎర్ర సిరా మాట కొట్టేసి, పక్కన నల్ల సిరాతో తేదీ వేసి "ముట్టింది" అని రాసేవారు. రాకపోతే కవరు మళ్ళీ పెట్టెలోకి, పేరు మళ్ళీ వచ్చే వారపు పిలుపులోకి.